బూడిద ముసుగు

ధూసరపురం కోటగుమ్మంలో మనిషిని కొట్టరు, తిట్టరు, సంకెళ్ళు వేయరు. ముఖం మాత్రం వదిలి, నెత్తి మీంచి మడమల దాకా ఒక బూడిదరంగు ముసుగు కప్పి లోపలికి పంపేస్తారు, అంతే. కత్తికి జడవని శూరులు, మదపుటేనుగుకు ఎదురు నిలిచే జగజ్జెట్టీలు సైతం ఆ ముసుగు పేరెత్తితే మాట మార్చి ఇంటిదారి పడతారు. అలాంటి గుమ్మం ముందు, ఎండ నడినెత్తికెక్కిన వేళ, కట్టెమోపులు మోసుకుంటూ ఇద్దరు మగవాళ్ళు తమంతట తామే వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు మతైనా పోయి ఉండాలి, దిక్కుతోచని కష్టమైనా వచ్చి ఉండాలి.

మతి పోలేదు పాపం. కష్టమే వచ్చింది.

ముందున్నవాడు రేచడు, పలాశదేశపు ఆశ్వికదళంలో రౌతు. వెనకవాడు బొప్పన, ఊరూరా పగటివేషాలు కట్టి జనాన్ని నవ్వించి పొట్టపోసుకునే మనిషి, రేచడికి ప్రాణస్నేహితుడు. ఈ కట్టెలవాళ్ళ వేషం అతగాడి పనితనమే. రేచడికి లోకంలో నా అన్నది ఒక్కతే, అక్క కుందమ. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. కిందటేడు తిరునాళ్ళకు పోతున్న బండ్లను ధూమకేశుడనే మాంత్రికుడి భటులు అటకాయించి, ఆడామగా అందరినీ ఈ కోటలోకి తోలుకుపోయారు. ఆ బండ్లలో కుందమ కూడా ఉంది.

అప్పటినుంచి రేచడు తొక్కని అడవి లేదు, కాళ్ళు పట్టుకోని సాధువు లేడు. చివరికి నిన్న, కొండగుహలో ఉన్న ఒక ముసలి యోగిని అసలు సంగతి చెప్పింది. ఆ ముసుగు కప్పుకున్నవాళ్ళకు ముందు నవ్వు పోతుంది. తర్వాత ఆకలి పోతుంది. ఆపైన బతకాలన్న కోరికే పోతుంది. పోయినదంతా మాంత్రికుడి ఒంట్లో చేరి వాడికి కొత్త ఆయుష్షు పోస్తుంది. ముసుగు పడి ఏడాది నిండిన రోజున, పొద్దుగుంకేసరికి ఆ మనిషి గుప్పెడు బూడిదైపోతాడు.

"మీ అక్కకు రేపటితో నిండుతుందిరా నాయనా," అంది యోగిని. "కాలం తీరినవాళ్ళను నడిమి బురుజులో పెడతాడు ఆ పాపిష్టివాడు. ఒక మాట గుర్తుపెట్టుకో. ఇంకొకళ్ళు లాగితే ఆ ముసుగు చర్మంతో సహా ఊడుతుంది గానీ విడిగా రాదు. కప్పుకున్న మనిషి చేత్తోనే తొలగాలి. ఇంక నన్నేం అడక్కు, పో."

అదీ సంగతి. ఇప్పుడు ఎండ నడినెత్తిన ఉంది. పొద్దుగుంకేలోపు కుందమ చేతులు కదలాలి. లేదంటే రేచడికి దక్కేది బూడిదే.

పలాశదేశం వాళ్ళ గురించి ఒక ముక్క చెప్పి తీరాలి, లేకపోతే ఈ ఇద్దరూ చేసిన పొరపాటు మీకు బోధపడదు. ఆ దేశంలో రంగంటే ఉత్త సింగారం కాదు. అన్నమూ అదే, మందూ అదే. జ్వరం తగిలినవాడికి మామిడి చిగురు రంగు దుప్పటి కప్పుతారు. బాలింతకు పసుపుపచ్చ తప్ప ఇంకో రంగు చూపించరు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే ఊరిపెద్దలు ఇద్దరికీ లేతనీలం బట్టలు కట్టించి ఒక గదిలో కూర్చోబెడతారు. సాయంత్రానికి నవ్వుకుంటూనన్నా వస్తారు, నిద్రన్నా పోతారు. గుర్రమెక్కడానికి జంకే కుర్రరౌతుకు ఎర్ర తలపాగా చుడతారు. తీర్పు చెప్పేరోజు రాజుగారు తెలుపు కడతారు, యుద్ధానికి కదిలేరోజు ఎరుపు. ఎరుపు కట్టిన రాజు ముందుకు ఫిర్యాదు పట్టుకుపోయే వెర్రివాడు ఆ దేశంలో ఇంకా పుట్టలేదు. ఈ రంగులన్నీ చర్మానికి తగిలితే చాలు, నెత్తురులోకి దిగి పనిచేస్తాయని తాతలనాటినుంచి వాళ్ళ నమ్మకం.

అందుకే మనవాళ్ళిద్దరూ పంచెల కింద, నడుముకు, కొత్త పసుపుబట్ట బిగించి కట్టుకుని వచ్చారు. "పైన వాడి బూడిద ఉంటే ఉండనీ రేచా, లోపల మన పసుపుంది, వాడి తాతైనా మననేం చేస్తాడు?" అని బొప్పన దారిపొడుగునా మీసం మెలేశాడు. ఈ తెలివే వాళ్ళ కొంప ముంచింది.

గుమ్మంలో భటులు మనుషులు కారు. మట్టితో చేసి మంత్రంతో నడిపిస్తున్న బొమ్మలు. మనిషికి రెట్టింపు ఎత్తు, చేతుల్లో ఇనుపగదలు, కళ్ళున్నచోట చిల్లులు. వాటికి తెలిసింది ఒకటే. ముసుగున్న మనిషిని వదలాలి, ముసుగు తొలగిన మనిషిని చంపాలి.

"మోపు దించి కప్పుకో," అంది ఒక బొమ్మ.

ముసుగు మీద పడగానే రేచడికి ఒళ్ళు చల్లబడింది. బరువేం లేదు, దుర్వాసనా లేదు. కళ్ళముందు వేలాడే అంచు మాత్రం ఎటు చూసినా కనిపిస్తోంది. మబ్బురంగైతే వానొస్తుందన్న ఆశన్నా ఉంటుంది, ఈ రంగులో అదీ లేదు.

లోపల ఊరు చూడాలి మీరు! ఒకప్పుడు అది ఏడు రాజ్యాల వర్తకులూ దిగే పట్టణమట. స్ఫటికపు మేడలు, నెమళ్ళు చెక్కిన ద్వారబంధాలు, పగడాలు పొదిగిన అరుగులు, నడివీధిలో పన్నీరు చిమ్మే శిలాకన్యలు. ఇప్పుడు వాటన్నిటికీ బూడిద పూత పూశారు. పగడమూ బూడిదే, నెమలికన్నూ బూడిదే. సంతలో అంగళ్ళు తెరిచే ఉన్నాయి, బేరం లేదు. బావి దగ్గర ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు, ముందు నేనంటే నేనన్న తగువు లేదు. పాలు తాగే పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే తల్లి దానివంక చూస్తూనే ఉంది గానీ చెయ్యి కదపడం లేదు. ఒక ముసలాయన పెదవి మీద ఈగ వాలింది. ఆయన దాన్ని తోలుకోలేదు.

"ఒరే రేచా, ఈ ఊళ్ళో భాగోతం ఆడితే నా గతేంటిరా?" అన్నాడు బొప్పన మెల్లగా. "కోతివేషం కట్టి కుప్పిగంతులేసినా ఒక్కడూ పళ్ళు కనపడనిచ్చేలా లేడు."

"నోర్మూసుకుని నడువు."

"మూసుకుంటే నేను బొప్పన్నెలా అవుతానురా? అదిగో ఆ లావుపాటి షావుకారిని చూడు, అచ్చం మా మావలాగే..."

మాట అక్కడే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి బొప్పన మొదలెట్టిన మాట పూర్తిచేయకుండా వదలడం ఇదే మొదలు. రేచడు ఇంకొంచెం నడిచి వెనక్కి తిరిగి చూసేసరికి అతను ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"లేరా బొప్పా! పొద్దు తిరిగిపోతోంది."

"కూర్చుందాం."

"అక్క చచ్చిపోతుందిరా!"

"ఊఁ," అన్నాడు బొప్పన. "అందరూ పోయేవాళ్ళేగా."

రేచడు పరుగున వెనక్కి వచ్చాడు. ఇదేమిటి, లోపల పసుపుబట్ట ఉండగా వీడికిలా ఎందుకైంది? జారిపోయిందేమోనని వంగి స్నేహితుడి ముసుగు అంచు కాస్త ఎత్తి చూశాడు. పసుపుబట్ట నడుముకు బిగిసే ఉంది. ఆ చీకట్లో బంతిపూల రాశిలా మెరిసిపోయింది. దాన్ని చూసీ చూడగానే రేచడి గుండెల మీంచి బండ దించినట్టయింది! ఊపిరి ఆడింది. ఆకలి వేసింది. అక్క నవ్వు గుర్తొచ్చింది.

అప్పటికి గానీ వాడి బుర్రకు ఎక్కలేదు. రంగు ఒంటికి తగిలితే పనిచేసేది కాదు, కంటికి కనపడాలి. తాతలు చెప్పింది తప్పు. చాటున కట్టుకున్న రంగు ఉన్నా లేనట్టే.

"ఇటు చూడరా బొప్పా, చూడు! నీ నడుముకేసి చూసుకో!" అని ముసుగు ఇంకాస్త ఎత్తాడు. బొప్పన పెదవి చివర కొద్దిగా వణికింది. నవ్వే! నవ్వు వస్తోంది!

అంతలో నేల దద్దరిల్లింది. ముసుగు తొలగిన వాసన పట్టి వీధి మొగలోని మట్టిబొమ్మ గద ఎత్తి పరుగెత్తుకొస్తోంది. రేచడు స్నేహితుణ్ణి పక్కకు లాగేలోపు గద అరుగు మీద పడి రాయి పిండిపిండైంది. రెండో దెబ్బ తలకు గురిపెట్టి లేచింది. రేచడు బొప్పన ముసుగు దించి, తన ముసుగూ దగ్గరకు లాక్కుని, నేలకు కరుచుకుపోయాడు. గద గాలిలోనే ఆగిపోయింది. బొమ్మ వాళ్ళ మీదికి వంగి చిల్లుల కళ్ళతో అటూ ఇటూ వెతికింది. ఇంకో రెండు బొమ్మలు వచ్చి పక్కన నిలబడ్డాయి. అక్కడినుంచి కదలలేదు అవి.

ఇక ముసుగెత్తే దారి లేదు. బొప్పన ముఖంలో ఆ వణుకు చల్లారిపోయింది.

"వచ్చేటప్పుడు నిన్ను తీసుకుపోతానురా. ఒట్టు," అన్నాడు రేచడు. బొప్పన విన్నాడో లేదో తెలియదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

రేచడు ఒక్కడే నడిచాడు. నడుస్తూ ఉంటే కాళ్ళు బరువెక్కాయి. ఎవరి కోసం పోతున్నానబ్బా అని ఒకసారి ఆగి ఆలోచించాల్సి వచ్చింది. దాంతో హడలిపోయాడు. రంగు కావాలి, ఏదో ఒక రంగు! ఈ బూడిదలో ఎక్కడ దొరుకుతుంది? బొటనవేలు నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు. నెత్తురు బొట్టు పైకి ఉబికింది. ఎర్రగా, వెచ్చగా, నిగనిగలాడుతూ. దానికేసి చూపు తిప్పకుండా చూశాడు. ఒంట్లో రోషం రాజుకుంది. "కుందమ. మా అక్క కుందమ," అని పైకే అనుకుని పరుగు అందుకున్నాడు. రోషం చల్లారినప్పుడల్లా వేలు కొరుక్కున్నాడు. వేళ్ళన్నీ గాయాలయ్యాయి.

నడిమి బురుజు ఎదురైంది. ఊరంతటికీ ఎత్తుగా, ఒక్క కిటికీతో, చుట్టూ లోతైన కందకంతో నిలబడి ఉంది. వంతెన మీద మట్టిబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ధూమకేశుడు తప్ప ఇంకొకడు ఆ వంతెన మీద అడుగు పెట్టకూడదు. కందకంలో బూడిద కలిసిన నీళ్ళు చిక్కగా కదులుతున్నాయి. ఆ నీళ్ళలో మొసళ్ళున్నాయని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ముసుగు తీసి దూకితే బొమ్మలు మీదపడి చంపుతాయి. ముసుగుతో దూకితే అది తడిసి నీళ్ళలోకి గుంజేస్తుంది. రేచడు ముసుగుతోనే దూకాడు.

మంచులాంటి చలి! బట్ట నీళ్ళు తాగి రాయైంది. చేతులు మాటిమాటికీ ముసుగు అంచు వెతుక్కుంటూ పోతున్నాయి, విసిరికొట్టమని పీకుతున్నాయి. రేచడు పళ్ళు బిగించి వాటిని వెనక్కి లాక్కున్నాడు. నడిమధ్యకు వచ్చేసరికి కాలు కింద ఏదో గరుకుగా రాసుకుంది. మరుక్షణం మొసలి వాడి భుజం పట్టింది. నీళ్ళు సుడి తిరిగాయి. పైనా కిందా తెలియలేదు. రేచడు మొలలో దాచుకొచ్చిన బాకు దూసి, అందినచోటల్లా పొడిచాడు. మెత్తనిచోటు ఎక్కడో దిగబడింది. మొసలి తోక కొట్టి విదిలించుకుని పోయింది. తక్కిన మొసళ్ళన్నీ నెత్తురు వాసనకు అటే మళ్ళాయి. ఆ సందులో వాడు గోడ చేరి, రాళ్ళ నెర్రెల్లో వేళ్ళు దూర్చి, ఊడిపోతున్న భుజంతో బురుజు పైకి పాకాడు. కిటికీలోంచి లోపలికి పడేసరికి సూర్యుడు పడమటి కొండకు జానెడు ఎత్తున ఉన్నాడు.

గది విశాలంగా ఉంది. గోడవారన బూడిద కుప్పలు వరసగా ఉన్నాయి. ఒక కుప్పలో గాజులు, ఒక కుప్పలో మొలతాడు కనిపించాయి. తిరునాళ్ళ బండ్లలో అక్కకంటే నాలుగురోజులు ముందు పట్టుబడినవాళ్ళే వాళ్ళంతా. చివర, ఖాళీగా ఉన్నచోట, ముసుగు వేసుకున్న మనిషి ఒకతె మోకాళ్ళు కట్టుకుని కూర్చుని ఉంది.

"అక్కా!"

ఆమె నెమ్మదిగా తల తిప్పింది. ముఖం ఎండిన తుమ్మచెక్కలా అయిపోయింది. "రేచడివా," అంది. "వచ్చావా." అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

రేచడు ఆమె ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "లే అక్కా, పోదాం. ముసుగు తీసెయ్. నువ్వే తీయాలంట, ఇంకెవరు తీసినా రాదంట. తొందరగా తీయవే!"

"తీయొచ్చు," అంది కుందమ. "ఏం తీస్తాంలే."

"పొద్దుగుంకితే బూడిదైపోతావే!"

"అవును. చెప్పారు."

రేచడు బతిమాలాడు. తిట్టాడు. కాళ్ళమీద పడి ఏడ్చాడు. తట్టుకోలేక ఆమె ముసుగు భుజం దగ్గర పట్టి లాగాడు. లాగినచోట బట్టకు అంటుకుని చర్మం లేచి వచ్చింది. నెత్తురు కారింది. కుందమ అబ్బా అని కూడా అనలేదు. వాడే కెవ్వుమన్నాడు.

పసుపుబట్ట! అది మిగిలి ఉందిగా! రేచడు నడుముకున్న బట్ట విప్పి బయటికి లాగాడు. కందకపు నీళ్ళలో పసుపంతా కొట్టుకుపోయింది. చేతిలోకి వచ్చింది గిన్నెలు తుడిచే మసిగుడ్డ. దాన్ని ఆమె కళ్ళముందు పెట్టాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తన కొరికిన వేళ్ళు చూపించాడు, మొసలి చీల్చిన భుజం చూపించాడు. "దెబ్బ తగిలినట్టుందే," అంది కుందమ, దారినపోయే మనిషి అన్నట్టు.

అంతే, రేచడిలో ఏదో పుటుక్కున తెగిపోయింది. చలి ఎముకల్లోకి దిగింది. నెత్తురు చూసుకున్నా రోషం రాలేదు. ఎక్కడ చూసినా బూడిదే. గోడా బూడిదే, అక్కా బూడిదే, తన చేతులూ బూడిదే. ఎందుకింత పరుగెత్తాను, ఎందుకింత ఏడ్చాను అనిపించింది. అక్క పక్కన ఖాళీ చూసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ బాగానే ఉందక్కా," అన్నాడు.

"ఊఁ," అంది కుందమ.

ఇద్దరూ కిటికీలోంచి దిగిపోతున్న పొద్దును చూస్తూ కూర్చున్నారు. రేచడి ఒంటిమీంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు ఆగడం లేదు.

కుందమ కిటికీకేసే చూస్తోంది. మనసులో ఏమీ లేదు. కానీ ఆమె కుడిచెయ్యి లేచింది. తల్లి లేని పసివాడు పక్కలో చలికి వణికితే ఎన్ని తెల్లవారుజాముల్లో లేచిందో ఆ చెయ్యి! ఆమె నిద్రలో ఉన్నా, ఒళ్ళు తెలియని జ్వరంలో ఉన్నా, ఆ పళ్ళ చప్పుడు చెవిన పడితే అది ఆమెను అడక్కుండానే లేచేది. ఇప్పుడూ అడగలేదు. తన ఒంటిమీదున్నది ఏమిటో చూసుకోలేదు. దాన్ని లాగి, తమ్ముడి మీద కప్పి, మెడకింద దోపి, రెండుసార్లు జోకొట్టింది.

గదిలో రంగు భగ్గుమంది.

తిరునాళ్ళనాడు కట్టుకున్న చిలకపచ్చ చీర, దానికి అరటిపువ్వు రంగు అంచు. ఏడాదిగా వెలుతురు తగలని ఆ బట్ట మీద సాయంకాలపు ఎండ పడేసరికి కుందమ కళ్ళు జిగేల్మన్నాయి. తన ఒడివంక చూసుకుంది. గుండె దడదడలాడింది. భుజం మండింది. ఏడాది ఆకలి ఒక్కసారిగా కడుపులో లేచింది.

"అమ్మో! నా భుజం! ఒరే దరిద్రుడా, ఏంట్రా ఈ తడి, ఈ నెత్తురేంట్రా?" అని అరిచి, ఆ అరుపుకు తానే ఉలిక్కిపడింది. గోడవారన గాజులున్న కుప్ప కనిపించింది. ఆ గాజులు ఎవరివో ఆమెకు తెలుసు. నోరు నొక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు రావడం కూడా ఎంత హాయిగా ఉందో! "లేరా రేచా, పోదాం పద! లే నాయనా!"

"ఎందుకులే అక్కా," అన్నాడు రేచడు.

అప్పుడు చూసింది కుందమ. తమ్ముడి మీద తడిసిన ముసుగుపైన, కళ్ళను కూడా కప్పేస్తూ, ఇంకో ముసుగు ఉంది. అది తనది.

తలుపు బార్లా తెరుచుకుంది. ధూమకేశుడు వచ్చాడు. చూస్తే పాతికేళ్ళ పడుచువాడు. గడ్డం నున్నగా, బుగ్గలు కాశ్మీర కుంకుమ అద్దినట్టు, చెవులకు మకరకుండలాలు, భుజాల మీంచి నేలమీదికి జీరాడే ఉత్తరీయం. ఆ ఉత్తరీయంలో లేని రంగంటూ లేదు. దానిమ్మ ఎరుపు, పాలపిట్ట నీలం, గోరంట పువ్వు వన్నె, నాగలింగం పువ్వు వన్నె, లేత తమలపాకు పచ్చ, ఒకటి పుట్టి ఇంకొకదానిలో కలిసిపోతూ, ఊపిరి తీసినట్టు పొంగుతూ కుంగుతూ ఉన్నాయి. అవన్నీ ఆ ఊరి జనం నవ్వులే, ఆకళ్ళే, అలకలే. వాటిలో కుందమది కూడా ఒకటి ఉంది.

మాంత్రికుడు చిలకపచ్చ చీరను చూశాడు, కింద కూర్చున్న రేచణ్ణి చూశాడు, పకపకా నవ్వాడు.

"ముసుగు దించుకున్నావే! నా ఏలుబడిలో ఇలాంటిది చూడలేదు. పోవే, పో. ఏడాదిగా పిండిన పిప్పివి, నీతో నాకేం పని? భటులు నిన్ను ముట్టుకోరు, నేను చెబుతాను. కాలం తీరింది ఆ ముసుగుకు, నీకు కాదు. అది ఎవడి భుజం మీదుంటే వాడే నావాడు. వీడు పచ్చి చెరుకుగడ. ఎంత రసం ఉందో!"

"మీ అమ్మ కన్నరోజునే నీ ఊపిరి ఆగిపోయి ఉంటే బాగుండేదిరా!" అంది కుందమ. "తమ్ముణ్ణి వదిలేసి పోనా? నేనా?"

"వదలక్కర్లేదు. కూర్చో. గుప్పిట్లో పట్టుకుపోదువు గాని."

సూర్యుడి అడుగుభాగం కొండకు తగిలింది. రేచడి పాదాల దగ్గర వేళ్ళు తెల్లబడుతున్నాయి, అంచులు పొడిగా రాలుతున్నాయి. కుందమ ముసుగు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తను లాగితే తమ్ముడి ఒళ్ళు ఊడి వస్తుంది. వాడే తీయాలి. తీయాలని వాడికి లేదు. మరి తనకు మాత్రం అప్పుడెక్కడ ఉంది? తను తీయాలనుకుని తీసిందా? మనసు చచ్చి పడి ఉంటే చెయ్యి తన పని తాను చేసుకుపోయింది!

కుందమ కిటికీవంక చూసింది. కింద కందకం కనిపించింది. తడిసిన బట్ట, ఊపిరాడని నీళ్ళు. ఈత వచ్చినవాడు మునిగిపోతుంటే చేతులు ఊరుకుంటాయా? ముందు మీదున్న బరువునే కదా విసిరికొడతాయి! అలా జరగకపోతే? ఇద్దరూ మొసళ్ళ పాలవుతారు. దూకకపోయినా ఇక్కడ వాడికి మిగిలింది ఏముంది గనక?

ఆమె రేచడి చంకల కింద చేతులేసి లేపింది. ఏడాది పస్తున్న ఒంట్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఎదిగిన మగవాణ్ణి వీపున వేసుకుని కిటికీ అరుగు ఎక్కింది.

ధూమకేశుడి నవ్వు ఆగిపోయింది. ఆమె చేయబోయేది వాడికి అర్థమైంది. "పట్టుకోండి!" అని గావుకేక పెట్టాడు. మట్టిబొమ్మలు గుమ్మం విరుచుకుని లోపలికి పడ్డాయి.

"రేచా, నీకు ఈత నేర్పింది ఎవర్రా?" అంది కుందమ.

"నువ్వే," అన్నాడు వాడు, ఆమె మెడమీద తలవాల్చి, నిద్రమత్తులో. చేతులు రెండూ ఆమె భుజాల మీంచి వేలాడుతున్నాయి. ఆమెను పట్టుకోలేదవి.

గద ఒకటి ఆమె జుట్టును రాసుకుంటూ పోయి గోడకు తగిలింది. కుందమ దూకింది.

చల్లటి బూడిదనీళ్ళు ఇద్దరినీ మింగేశాయి. ముసుగులు రెండూ నీళ్ళు తాగి బరువెక్కి, కిందికి, ఇంకా కిందికి గుంజాయి. దూరంగా నల్లటి ఆకారాలేవో ఇటు తిరుగుతున్నాయి. తమ్ముడి మణికట్టు ఆమె గుప్పిట్లో ఉంది. పట్టుకుని ఉన్నంతసేపూ వాడి చెయ్యి కదలదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పైన నీళ్ళమీద ఎండ సన్నటి గీతలా మిగిలింది. కుందమ కళ్ళు గట్టిగా మూసుకుని వాడి చెయ్యి వదిలేసింది.